శుక్రవారాల ఇంజను

గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు. ఊళ్లో మిగతా ఆఫీసులన్నీ తెరిచి ఉన్న రోజున నేను ఖాళీగా ఉండేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో ఇది మాకు ఇబ్బందిగానే ఉండేది. నా భార్యకు ఆదివారం సెలవు, నాకు శుక్రవారం. ఆమె హిందూపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పేది. నేను పెనుకొండలో లైబ్రేరియన్ని. ఇల్లు పెనుకొండలోనే. ఆమె పొద్దున రైలుకు వెళ్లి సాయంత్రం రైలుకు వచ్చేది.

చివరికి ఆ శుక్రవారమే మాకు కలిసొచ్చింది. కాలేజీ వెనుక రేకుల షెడ్డులో ఆమె ఇంజను నడిపేది. తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీలో నేను పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. అక్కడ నాకు జీతం లేదు, రిజిస్టర్లో పేరు లేదు. నా పని వాసన చూడటం.

ఆమె పరిశోధన గురించి నాకు అర్థమైనంత చెబుతాను. డీజిల్‌లో కార్బన్ ఉంది కాబట్టి అది కాలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అమోనియాలో కార్బన్ లేదు. నైట్రోజన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్నాయి. డీజిల్ కొంత తగ్గించి, ఆ మేరకు అమోనియాను కాల్చగలిగితే, అంత కార్బన్ తగ్గుతుంది. అయితే అమోనియా తొందరగా అంటుకోదు. అంటుకున్నా నిదానంగా కాలుతుంది. అందుకని దాన్ని గాలితో కలిపి ఇంజనులోకి పంపి, కాస్త డీజిల్‌తో వెలిగించాలి. డీజిల్‌ను ఎంతవరకు తగ్గించవచ్చు, ఎక్కడికి వచ్చేసరికి ఇంజను తడబడుతుంది, కాలకుండా మిగిలిన అమోనియా పొగగొట్టంలో ఎంత వస్తుంది? ఆమె కొన్నేళ్లు వెతికింది ఈ మూడింటికే.

ఒకసారి రైల్లో నేను అడిగాను, అసలు ఆ అమోనియా ఎక్కడి నుంచి వస్తుందని.

"యూరియా ఫ్యాక్టరీల్లో చేసినట్లే, భూమిలోంచి తీసిన గ్యాసు నుంచి చేస్తారు" అంది.

"అప్పుడు అక్కడ కార్బన్ పోదా?"

"పోతాది. ఈడ పోయేది ఆడ పోతాది, అంతే. ఇంత కష్టపడి పొగను పక్కూరికి పంపినట్లు అయితాది." కిటికీలోంచి చెన్నేకొత్తపల్లి వైపు కొండలు చూపించింది. వాటి మీద గాలిమరలు తిరుగుతున్నాయి. "ఆ కరెంటుతో చేయల్ల. అప్పుడు గానీ లెక్క కుదరదు. అంతవరకు ఇంజను సిద్ధంగా ఉండల్ల గదా, ఎవరో ఒకరు చూడల్ల."

తన పనిని ఆమె ఎప్పుడూ ఇంతకంటే పెద్దది చేసి చెప్పలేదు.

ఆమె ఆ కొండల కింది పల్లె మనిషి. వాళ్లకు గొర్రెల మంద ఉండేది. మాది హిందూపురంలో నూనెల అంగడి. డిగ్రీలో ఒకే కాలేజీ మాది. పెళ్లి విషయంలో మా ఇంట్లో వాళ్లు కొన్నాళ్లు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడారు. ఇక్కడ ఇది చెప్పడానికి కారణం ఆమె గొర్రెల మందా, మా నూనెల అంగడీ తర్వాత ఇంజను దగ్గర అవసరానికి రావడం.

షెడ్డులోకి అమోనియా సిలిండర్ వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం ఆమె కళ్లజోడు ఇంట్లో మరిచిపోయింది. అది ఇచ్చి వద్దామని నేను కాలేజీకి వెళ్లాను. షెడ్డు తలుపు దగ్గరికి రాగానే నా కళ్లు మండాయి, ముక్కు పట్టేసింది. లోపల ఆమె, ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఇంజను ముందు నిలబడి తాపీగా మాట్లాడుకుంటున్నారు.

"ఏం వాసన ఇది?" అన్నాను.

"ఏం వాసన?" అంది ఆమె.

"కళ్లు మండుతున్నాయి."

ఆమె విద్యార్థిని వైపు చూసింది. ఆ అమ్మాయి నాలుగు వైపులా తిరిగి ముక్కు ఎగబీల్చింది. "నాకేం తెలుస్తా లేదు మేడమ్."

ఆమె ఇంకొక మాట మాట్లాడకుండా సిలిండర్ వాల్వు మూసి, అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. తర్వాత చూస్తే గొట్టం బిగించే నట్టు ఒకటి వదులై ఉంది. కొద్దిగానే కారింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇంకాసేపు అట్లే ఉంటే అయ్యేది.

బయట మెట్ల మీద కూర్చుని ఆమె నవ్వింది.

"అది మా దొడ్డి వాసనప్పా" అంది. "గొర్రెలు పండుకున్న చోట పొద్దున్నే ఇట్లనే ఉంటాది. పుట్టినకాడి నుంచి పీల్చినా. నా ముక్కుకు అది వాసన కిందికే రాదు."

విద్యార్థినిది రొళ్ల దగ్గర పల్లె. వాళ్లింట్లో పట్టుపురుగులు పెంచుతారు. "మా పురుగుల షెడ్డులో కూడా అంతే మేడమ్" అంది మెల్లగా. "పొద్దున ఆకు ఎత్తేటప్పుడు బయటోళ్లు ఎవరన్నా వస్తే ముక్కు మూసుకుంటారు. మేము ఆడనే టీ తాగుతాం."

"సరిపోయింది పో. గొర్రెలామె ఒకతి, పురుగులామె ఒకతి. ఇద్దరం చేరి వాసన చూసుకుంటాండాం!" అని ఆమె మళ్లీ నవ్వింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. "నీది అంగడోళ్ల ముక్కు. డబ్బా మూత తీయకముందే నూనె చెడిందని చెప్తావు. శుక్రవారం నీకేం పనుంది? ఈడొచ్చి కూర్చో."

కాలేజీ వాళ్లు తర్వాత గాలిలో అమోనియాను కొలిచే మీటరు కొన్నారు. అయినా ఆమె నన్ను మానిపించలేదు. మీటరు ఒకటి, ముక్కు ఒకటి. రెండూ షెడ్డులో ఉంటేనే వాల్వు తెరవాలి. ఒకటి తప్పినా రెండోది చెప్పాలి. ఇది ఆమె పెట్టిన నియమం. విభాగాధిపతికి అది నచ్చింది. ఆ విధంగా ఆ ఇంజను శుక్రవారాల్లో మాత్రమే అమోనియా మీద తిరిగేది. కాలేజీలో కొందరు దాన్ని శుక్రవారం పూజ అనేవాళ్లు.

నేను కుర్చీలో కూర్చుని నవలలు చదివేవాణ్ణి. ఇంజను మోతలో ఆమె గొంతెత్తి అడిగేది, "ఏమప్పా, వస్తాందా?" నేను తల ఎత్తకుండా చెయ్యి ఊపేవాణ్ణి, రావడం లేదని.

"నిన్ను కూర్చోబెట్టింది వాసన చూసేదానికి, చదివేదానికి కాదు."

"చదివేది కళ్లతో. ముక్కు ఖాళీగానే ఉంది."

"రెండూ ఒకే తలకాయలో గదా ఉండేది! ఆ పుస్తకంలో పడితే ఇల్లు కాలినా నీకు తెలీదు."

విద్యార్థిని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేది. సాయంత్రం రైల్లో ఆమె ఆ రోజు ఇంజను ఏం చేసిందో నాకు చెప్పేది. నేను కథ ఎంతవరకు వచ్చిందో చెప్పేవాణ్ణి. సగంలోనే ఆమె కిటికీకి తల ఆన్చి నిద్రపోయేది. ఆ నవలల్లో సగం ఆమెకు ముగింపు తెలియనివే.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. నాకు తగ్గింది. ఆమెకు తగ్గలేదు. దీని గురించి ఇంతకంటే రాయడం నాకు చేతకాదు. రాసినవాళ్లవి చదివాను. వాళ్లు రాసింది నిజమే.

నాకు ఆ జ్వరంలోనే వాసన పోయింది. కొన్ని వారాల్లో వస్తుందన్నారు, రాలేదు. పాలు విరిగినా తెలియదు, అన్నం అడుగంటినా తెలియదు. పక్కింటివాళ్లు కేకేస్తే స్టవ్ ఆపిన రోజులున్నాయి. ఒకరోజు బీరువా తెరిచి ఆమె చీరల్లో ముఖం పెట్టాను. మెత్తటి బట్ట తగిలింది, అంతే. బీరువా మూసేశాను. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అడగని సంగతి చెప్పడం నాకు అలవాటు లేదు.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఆ విద్యార్థిని పెనుకొండ వచ్చి లైబ్రరీలో నా బల్ల ముందు నిలబడింది. దినపత్రికల బల్ల దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు కునుకుతున్నారు. నేను ఆమెను వెనుక గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. చిక్కిపోయి ఉంది.

"సార్, చివరి పరీక్ష ఒకటి మిగిలిపోయిండాది" అంది.

నాకు తెలుసు. మా ఆవిడ అనుకున్నవాటిలో అన్నిటికంటే ఎక్కువ వంతు అమోనియాతో, పూర్తి లోడు మీద, ఇంజను నిలకడగా తిరుగుతుందా అని చూసే పరీక్ష అది. జ్వరం వచ్చిన వారం చేయాల్సింది. ఆ తర్వాత కాలేజీ మూతపడింది, మేడమ్ లేదు, ఈ అమ్మాయి ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్లి తిరిగి వచ్చింది. ఇప్పుడు విభాగాధిపతి ఆమెకు గైడుగా ఉన్నారు. ఆ ఒక్క పరీక్ష లేకుండా థీసిస్ పూర్తికాదు.

"ఈ నెలాఖరుకు షెడ్డు కొట్టేస్తారు సార్. ఆడ కొత్త బిల్డింగు కడతారంట. అందులోకి గ్యాసు సిలిండర్లు రానీరంట. ఇప్పుడు చేయకపోతే ఇంక ల్యా."

"మరి చేయండి."

"మీటరు పనిచేస్తా లేదు. లోపల సెన్సారు అరిగిపోయిండాది, కొత్తది వచ్చేలోగా షెడ్డే ఉండదు. హెచ్ఓడీ సార్ ఏమన్నారంటే, మేడమ్ నియమం మేడమ్ నియమమే, రెండు ఉండాల్సిందే అన్నారు. ఒక ముక్కు ఆయనది. ఇంకొకటి..." అని ఆగింది.

వాసన రాదని చెప్పడం కష్టం కాదు, అడ్డం వచ్చింది వేరొకటి. ఆ చివరి పరీక్ష అలా మిగిలి ఉండటం నాకు ఒక ఆసరా అయింది. అది జరగనంతకాలం ఆమె పని అయిపోలేదు. షెడ్డు కొట్టేస్తే అది ఎప్పటికీ మిగిలిపోతుంది. అలా మిగిలిపోతే బాగుండునని నాలో ఒక మూల ఉంది. కానీ ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఎన్నేళ్ల చదువో దాని మీద ఆగి ఉంది.

"నాకు వాసన తెలియదమ్మా" అన్నాను. "ఆ జ్వరంలో పోయింది. మళ్లీ రాలేదు."

"మాకు తెలీదు సార్. మేడమ్ పోయినప్పుడు మీకెట్లుందో మేమెవరం అడగనే ల్యా."

"పర్వాలేదు."

"అయితే ఇప్పుడు ఏం చేద్దాం సార్?"

ఇంక తనకు నాతో పనిలేదని ఆమె అనుకోలేదు. సెలవు తీసుకుని వెళ్లిపోవచ్చు, వెళ్లలేదు. ఆలోచిస్తానని చెప్పాను. ఆమెను బస్టాండు దాకా దిగబెట్టి వచ్చాను.

ఆ శుక్రవారం నేను ధర్మవరం వెళ్లాను. నా భార్య అక్క అక్కడే ఉంటుంది, నాకు వదిన. వాళ్లాయన పట్టుచీరలు నేస్తాడు. రెండు మూడు నెలలకోసారి వెళ్లి ఒక పూట ఉండి వస్తాను. అక్కచెల్లెళ్లిద్దరికీ గొంతు ఒకటే. మొదట్లో ఆ గొంతు వినలేక వెళ్లడం మానేశాను. తర్వాత ఆ గొంతు కోసమే వెళ్లడం మొదలుపెట్టాను.

వదిన గడపకు పసుపు రాసి, చెయ్యి తుడుచుకున్న గుడ్డను పెరట్లో బండ మీద ఉతుకుతోంది. నేను పెరటి మెట్టు మీద కూర్చున్నాను. లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు వస్తోంది.

"ఏమప్పా, మళ్లీ చిక్కినావు. వండుకుంటాండావా, లేక పుస్తకాలు తింటాండావా?"

"వండుకుంటున్నాను వదినా."

"మాడబెట్టుకుంటాండావని మీ పక్కింటామె ఫోన్లో చెప్పింది."

వదిన గుడ్డకు సబ్బు రుద్దింది. పసుపు మరక ఒక్కసారిగా ఎర్రబడింది. ఇది నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మా అంగట్లో పసుపు బస్తాలు దించినవాళ్ల పంచెలు ఉతికిన రోజు దండెం మీద ఎర్రగా ఆరేవి. కానీ ఆ రోజు నేను లేచి వెళ్లి బండ దగ్గర గొంతుక్కూర్చున్నాను.

"ఇది ఎందుకు ఎర్రబడుతుంది?"

వదిన నా వైపు వింతగా చూసింది. "సబ్బు తగిలితే పసుపు ఎర్రబడదా? బట్టలుతికేది ఎప్పుడూ చూడనే ల్యాదా నువ్వు? మా చెల్లి ఉన్నన్నాళ్లూ అన్నీ అదే చేసిండాల."

"నేనే ఉతికేవాణ్ణి. వాషింగ్ మిషన్లో."

"మిషన్ ఉతికింది. నువ్వు గుండీ నొక్కినావు."

సబ్బులో ఉన్నది క్షారం. అమోనియా కూడా క్షారమే. పదో తరగతిలో చదివిన మాట అది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. నేను ఎందుకు అడుగుతున్నానో వదినకు చెప్పాను. నాకు వాసన పోయిందన్న సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది. చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"ఇంతకాలం చెప్పకుండా ఎట్లుంటివప్పా?" అంది. ఆమె లోపలికి వెళ్లి వాళ్లాయన పాత తెల్ల పంచె ఒకటి తెచ్చింది. చివర పళ్లతో పట్టి చించి, పేలికలు చేయసాగింది. మగ్గం మీద నుంచి ఆయన అరిచాడు, "ఏందే చించేది?"

"నీ పంచె!"

"యాడిదే? కొత్తదా?"

"నీకు కొత్తది యాడుంది? పని చూసుకో!"

మరుసటి రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి హిందూపురం వెళ్లాను. విద్యార్థిని కెమిస్ట్రీ ల్యాబులోంచి అమోనియా ద్రావణం సీసా తెచ్చింది. పసుపు నీళ్లలో ముంచిన పేలికను తడిగానే సీసా మూతి మీద పట్టుకున్నాం. చూస్తుండగానే ఎర్రబడింది. పక్కకు తీసి గాలికి పట్టుకుంటే కాసేపటికి మళ్లీ పసుపయింది.

"వెనక్కి వస్తాంది సార్!" అని ఆమె అరిచింది. "అమోనియా ఎగిరిపోతే మళ్లీ పసుపే!"

విభాగాధిపతి వచ్చి చూశారు. ఆయన జాగ్రత్త మనిషి. ఇది కొత్తదేమీ కాదని, పాత కెమిస్ట్రీ పుస్తకాల్లో పసుపు కాగితం పరీక్ష అని ఉండేదని చెప్పారు. అయినా ద్రావణాన్ని నీళ్లతో పలచన చేస్తూ, ఒకవైపు తన ముక్కు, ఒకవైపు పేలిక పెట్టి పదేపదే చూశారు. ముక్కు చిట్లించి దగ్గారు. చివరికి, "రెండూ దాదాపు ఒకేసారి చెబుతున్నాయి" అన్నారు. "బట్ట ఆరిపోతే మాత్రం చెప్పదు. తడి చూసుకోవడానికే ఒక మనిషి కావాలి."

"నేనుంటాను" అన్నాను.

పరీక్ష శుక్రవారమే పెట్టారు. షెడ్డులో సగం సామాను అప్పటికే తీసుకెళ్లారు. గోడ మీద బీరువాలున్న చోట తెల్లటి చదరాలు కనిపిస్తున్నాయి. తలుపు దగ్గర కుర్చీలో ఈసారి విభాగాధిపతి కూర్చున్నారు. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్లు పెట్టాం. సిలిండర్ వాల్వు, రెగ్యులేటరు, గొట్టం అతుకులు, గ్యాసు ఎంత పోతోందో చూపే గాజు గొట్టం, అన్నింటి దగ్గరా పసుపు పేలికలు కట్టాను. పసుపు నీళ్ల చెంబు పట్టుకుని ఒక్కొక్కదాన్నీ తడుపుతూ తిరిగాను. ఇంజనుకు బొమ్మలకొలువు పెట్టినట్టుందని విభాగాధిపతి అన్నారు.

విద్యార్థిని ముందు డీజిల్ మీద ఇంజను వేడెక్కించింది. తర్వాత మా ఇద్దరి వైపూ చూసి వాల్వు తెరిచింది.

గాజు గొట్టం కింది అతుకు దగ్గర పేలిక అంచు ఎర్రబడింది. మొదట నా కళ్లను నేను నమ్మలేదు. తర్వాత చెయ్యెత్తి, "మూసెయ్" అని అరిచాను. ఆమె ఎందుకని కూడా అడగలేదు, మూసేసింది.

"నాకేం రాలేదే" అన్నారు విభాగాధిపతి. ఒక నిమిషం ఆగి, "ఆ, ఇప్పుడు వస్తోంది" అన్నారు.

ఇంజను ఆపి బయట నిలబడ్డాం. గాలి ఆడాక ఆయన లోపలికెళ్లి అతుకు విప్పి, కొత్త వాషరు వేసి బిగించారు. విద్యార్థిని నా పక్కకు వచ్చి నిలబడింది.

"నాకేం తెలిసేది కాదు సార్" అంది. "మా షెడ్డులో ఉన్నట్లే ఉండేది."

"తెలిసింది కదా."

"మీకు తెలిసింది."

"నాకూ తెలియలేదు. గుడ్డకు తెలిసింది" అన్నాను. ఆమె నవ్వింది.

పేలికలన్నీ పసుపుగా అయ్యేదాకా ఆగి, తడిపి, మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఏదీ ఎర్రబడలేదు. ఆమె అమోనియా పెంచుతూ డీజిల్ తగ్గిస్తూ పోయింది. ప్రతిసారీ ఇంజను మోత మారేది. ఒకచోట తడబడింది. ఆమె కొంచెం వెనక్కి తగ్గి, నిలకడ వచ్చాక మళ్లీ ముందుకు వెళ్లింది. ఇలా చేయడం నేను ఎన్నో శుక్రవారాలు చూశాను. తొందరపడకపోవడం ఆమెకు మా ఆవిడ నేర్పింది.

అనుకున్న చోటికి వచ్చింది. అక్కడ నిలిచింది. పూర్తి లోడు మీద, ఇంజను ఆగకుండా తిరుగుతోంది. ఆమె ఒక్కొక్క అంకె చదివి రాసుకుంటూ, తల ఎత్తకుండానే మోతలో గొంతెత్తి అడిగింది, "సార్, వస్తాందా?"

అడిగాక తనే ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను చెయ్యి ఊపాను, లేదని. ఆమె మళ్లీ అంకెల్లోకి తల వంచుకుంది.

కావలసినంతసేపు నడిచాక అంకెలన్నీ వచ్చాయి. అవి ఆమె థీసిస్‌వి, నేనిక్కడ రాయను. కార్బన్ తగ్గాల్సినంత తగ్గిందని చెప్పింది. కాలకుండా బయటికి వచ్చే అమోనియా మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంది. "అది తగ్గించడం ఇంకొకరి థీసిస్" అన్నారు విభాగాధిపతి కుర్చీలోంచి లేస్తూ.

ముందు అమోనియా వాల్వు మూశారు. ఆ తర్వాత వెంటనే ఇంజను ఆపకూడదు. గొట్టాల్లో మిగిలింది కాలిపోయేదాకా ఉత్త డీజిల్ మీద తిప్పాలి. మామూలు పంపుసెట్టు మోత వచ్చింది. విద్యార్థిని ఆపే లివరు మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"ఆపమంటారా సార్?"

నన్నెందుకు అడిగిందో తెలుసు. పని అయిపోకూడదని లైబ్రరీ వెనుక గదిలో అనుకున్న మాట నేను ఆమెకు చెప్పలేదు. అయినా ఆమె అడిగింది.

"లోపల అంతా కాలిపోయిందా?"

"కాలిపోయింది సార్."

"అయితే ఆపమ్మా" అన్నాను.

లివరు లాగింది. పెద్ద చక్రం ఇంకాసేపు తనంతట తాను తిరిగి, నిలిచిపోయింది. ఆమె మొహం తుడుచుకుని బయటికి వెళ్లి ఇంటికి ఫోన్ చేసింది. "అయిందమ్మా... అయింది. లేదు, ఎవరికీ ఏం కాలా. తిన్యా. తిన్యా అంటి గదా!"

నేను పేలికలు విప్పి ఒక సంచిలో వేశాను. సాయంత్రం రైలుకు ఆమె స్టేషన్ దాకా వచ్చింది. థీసిస్ మొదటి పేజీలో మేడమ్ గురించి ఏం రాయాలో అడిగింది. ఎక్కువ రాయవద్దని, రెండు వాక్యాలు చాలని చెప్పాను. మా ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పడమే ఇష్టం. ఆ అమ్మాయికీ అది తెలుసు.

రైల్లో జనం తక్కువ. ఎదుటి సీటులో చెన్నేకొత్తపల్లి వైపు రైతు ఒకాయన, పెద్దవాడు, విత్తనాల సంచి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపు నా చేతుల వైపు చూశాడు. రెండు చేతులూ మణికట్టు దాకా పసుపు పచ్చగా ఉన్నాయి. సబ్బుతో కడిగినా పోలేదు.

"ఏమప్పా, పెండ్లికి పోయొస్తాండావా?"

"కాదు. ఇంజను దగ్గర పని."

"ఇంజనుకు పసుపేంటికి?"

ఇలాంటిచోట మామూలుగా నేను నవ్వి ఊరుకుంటాను. ఆ రోజు చెప్పాను. డీజిల్‌లో ఏముందో, అమోనియాలో ఏం లేదో, అది ఎందుకు తొందరగా అంటుకోదో. నా భార్య ఆ పని చేసిందని, ఆమె ఇప్పుడు లేదని, ఆమె విద్యార్థిని ఇవాళ దాన్ని పూర్తిచేసిందని. ఆమె పోయాక ఆమె పని గురించి నేను ఒక కొత్త మనిషికి చెప్పడం అదే మొదలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందూ వెనుకా చెప్పాను. ఆయన మధ్య మధ్య ఆపి అడిగాడు. యూరియాలో ఉండేది కూడా అదేనా అన్నాడు. అమోనియాలోంచే యూరియా చేస్తారన్నాను. అయితే చేనుకు పోసేది ఇంజనుకు పోస్తారన్నమాట, ఇప్పటికే బస్తాకు క్యూలో నిలబడి చస్తాండాం అన్నాడు. గాలిమరల సంగతి చెప్పాను.

"మా ట్రాక్టరుకు పనికొస్తాదా?"

"ఇప్పుడే రాదు."

"మరి ఎప్పటికి?"

"నాకు తెలియదు" అన్నాను. "తెలిసిన అమ్మాయి ఒకామె హిందూపురంలో ఉంది. కావాలంటే అడిగి చెబుతాను."

"అడుగు" అన్నాడాయన. జేబులోంచి ఫోన్ తీసి, నంబరు చెప్పమన్నాడు.